సెకనుకి పదహారు బొమ్మలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రోజుకి మూడు బస్సు యాక్సిడెంట్లు జరిగేవి. పొద్దున్న కాఫీకి ముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దీపాలు వేసే వేళకి మరొకటి. కరెంటు స్తంభాలు, పండ్ల దుకాణాలు, ఒకసారైతే ఆగి ఉన్న అంబులెన్సు. అన్నిటినీ గుద్దింది మా మావయ్యే. ముప్పై రెండేళ్ళు నాలుగో నంబరు సిటీ బస్సు నడిపి, పక్కన పోయే సైకిలుకి కూడా ఒక్క గీత పడనివ్వని మనిషి.

ఆ బస్సు నా లాప్‌టాప్‌లో ఉండేది. గొడవంతా డిపో నుంచి వచ్చిన ఒక కాగితంతో మొదలైంది. కొత్తగా చేరే డ్రైవర్లకి ముందు కంప్యూటర్లో బస్సు నడపటం నేర్పుతారట. నేర్పటానికి రిటైరైన డ్రైవర్లలోంచి ఇద్దరిని తీసుకుంటారట. వచ్చే నెలాఖరున పరీక్ష. కంప్యూటర్ బస్సుని రద్దీ రూట్లో ఇరవై నిమిషాలు దేనికీ తగలకుండా నడపాలి. వాళ్ళు పెట్టిందేమీ దేవరహస్యం కాదు, పిల్లలు కొనుక్కుని ఆడుకునే బస్సు ఆటే.

మావయ్య ఆ కాగితాన్ని నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. రిటైరై అప్పటికి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆయన చేసిన పని పేపరు చదవటం, చదివిన పేపరునే మళ్ళీ చదవటం. ఆటోలో వెనక సీట్లో కూర్చున్నా ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతూ ఉండేది. ఐదో రోజున నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, నువ్వు లాప్‌టాప్‌లు బాగు చేస్తావు కదా. నీ దాంట్లోకి ఈ బస్సు ఎక్కించగలవా?"

నేను లాప్‌టాప్ రిపేరు షాపులో పని చేస్తాను. పెళ్ళయిన కొత్తలో ఆయన దాన్ని బొమ్మల రిపేరు అనేవారు. అలాంటి మనిషి నోరు తెరిచి సాయం అడిగేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

"అదెంత పని మావయ్యా, రేపే ఎక్కిస్తాను" అనేశాను. నా నోటికి తొందర ఎక్కువ. మా అత్తయ్య దాన్ని నోరు అనదు, ఫ్యాక్టరీ సైరన్ అంటుంది.

ఎక్కించాను. షాపులో ఎవరో బాగు చేయమని ఇచ్చి, మళ్ళీ మొహం చూపించకుండా పోయిన ఆటల స్టీరింగు, పెడళ్ళు ఉంటే తెచ్చి, భోజనాల బల్లకి బిగించాను. పక్కనే కిటికీ దగ్గర అత్తయ్య కుట్టుమిషను. ఆవిడ వీధి వాళ్ళకి జాకెట్లు కుడుతుంది, కుడుతూనే ఇంటిని మొత్తం నోటితో నడుపుతుంది.

మొదటి రోజు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. స్టాపులోంచి బండి తీశారు. వంద గజాలు పోకుండానే పండ్ల బండిని గుద్దేశారు.

"స్టీరింగు ఇప్పుడు తిప్పితే బస్సు కాసేపాగి తిరుగుతోంది" అన్నారు అయోమయంగా.

"ఆడలేక మద్దెల ఓడందట" అంది అత్తయ్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆవిడ సరదాకే అంది. ఆయనా నవ్వారు. కానీ ఆ రోజు నుంచి బండి మీద ఒక్క ఫిర్యాదు చేయలేదు. గుద్దినప్పుడల్లా తన అరచేతుల వంక చూసుకునేవారు. నాకు అది కనపడుతూనే ఉంది. ఇక్కడ నా తప్పు దాచుకోకుండా చెప్పుకోవాలి. ఆ లాప్‌టాప్‌ని నేను పాత ముక్కలు ఏరి నా చేత్తో నిలబెట్టుకున్నాను. దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదని, ఉన్నదంతా లోపలి చిప్పులో కలిపి పెట్టిన గ్రాఫిక్సేనని నాకు తెలుసు. రోజూ షాపులో పదిమందికి ఆ తేడా విడమర్చి చెప్పేదాన్ని, ఇంట్లో మాత్రం నోరు మూసుకున్నాను. ఇదేమన్నా కార్ల రేసా, బస్సే కదా, లాగుతుందిలే అనుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు.

పదిరోజులు గడిచాయి. ఒక పొద్దున్న నేను షాపుకి బయల్దేరుతుంటే మావయ్య గుమ్మం దగ్గర చెప్పులు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"ఆ స్టీరింగు తీసేయ్ అమ్మాయ్. డిపోకి రానని చెప్పేస్తాను."

"అదేంటి మావయ్యా, ఇంకా ఇరవై రోజులుంది."

"చేతులు పోయాయి. కంటికి కనపడుతోంది, కాలు అందటం లేదు. ఆరు నెలల్లోనే ఇలా అయిపోతానని అనుకోలేదు. రిటైరయ్యే ముందు కూడా ఇలాగే ఉండి ఉంటే, అంతమందిని ఎక్కించుకుని ఎలా తిరిగానో."

నాకు తల కొట్టేసినట్టయింది. తన చివరి రోజుల డ్యూటీ మీద కూడా ఆయనకి అనుమానం వచ్చేసింది. ఆ ఉద్యోగం వచ్చినా రాకపోయినా బతుకు గడుస్తుంది, కానీ ముప్పై రెండేళ్ళ చేతుల మీద నమ్మకం పోతే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది? బ్యాగు కింద పడేసి వెనక్కి వచ్చాను. షాపుకి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను.

ఆటలో మూల మీద ఒక చిన్న అంకె కనపడేలా పెట్టాను. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె. బస్సు ఖాళీ వీధిలో పోతుంటే పదహారు. జనం ఉన్న చౌరస్తాకి రాగానే తొమ్మిది.

"చూడండి. ఇది అరవై ఉండాలి. మీరు సమయానికే తొక్కుతున్నారు, మీరు తొక్కిన సంగతి బొమ్మలో ఆలస్యంగా కనపడుతోంది. దీంట్లో లెక్కలు చేసేదీ, బొమ్మ గీసేదీ ఒకే చిప్పు. ఆటల కోసం చేసిన వాటిల్లో బొమ్మ గీయటానికి విడిగా ఒక కార్డు ఉంటుంది. దాని పని అదొక్కటే."

మావయ్య కాసేపు ఆ తొమ్మిదిని చూశారు. "అంటే డ్రైవరే దిగి టిక్కెట్లు కూడా కొట్టి వస్తున్నాడన్నమాట. కండక్టరు లేని బండి."

షాపులో నాలుగేళ్ళుగా నేను అంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

నమ్మకం కుదిరిందో లేదో అని మా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాను. మా ఆయన స్కూల్లో ఆటల మాస్టారు, టేబుల్ టెన్నిస్‌లో బంతి ఎటు పోతోందో మనకి తెలిసేలోపు కొట్టేసే రకం. ఆయన రెండు నిమిషాల్లో ఎర్రలైటు దాటేసి, పెట్రోలు బంకులోకి దూరిపోయాడు. ఆపైన అత్తయ్య లేచి వచ్చింది. పెడలు తొక్కి, బస్సు కదిలేదాకా చూసి, పెదవి విరిచింది.

"కాలు నొక్కగానే సూది దిగాలి. నా మిషను ఇలా పని చేస్తే ఈ వీధిలో ఒక్కళ్ళకీ జాకెట్టు ఉండేది కాదు. ఏమండీ, మద్దెల నిజంగానే ఓడండీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

అత్తయ్య మాట వెనక్కి తీసుకోవటం నా కాపురంలో అదే మొదటిసారి. మా ఆయన క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటానన్నాడు.

మా షాపు యజమానికి ఆ మధ్యాహ్నమే నా బాధ చెప్పుకున్నాను. గుర్రుమంటూనే, వచ్చేవాళ్ళకి చూపించటానికి బల్ల మీద ఉంచే లాప్‌టాప్‌ని పరీక్ష అయ్యేదాకా తీసుకెళ్ళమన్నాడు. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. ఇటుకంత బరువు, ఛార్జరు ఇంకో అర ఇటుక. ఇంటికి తెచ్చేసరికి బ్యాటరీ అడుగంటింది. ఛార్జరు తగిలించి బస్సు ఎక్కించాను. అంకె డెబ్బై రెండు.

మావయ్య స్టాపులోంచి బండి తీశారు. పండ్ల బండి పక్కనుంచి జానెడు దూరంలో తప్పించారు. చౌరస్తాలో ఎర్రలైటుకి ఆగారు. ఆగిన తీరు ఎలా ఉందంటే, నిలబడ్డవాళ్ళు ఒక్కళ్ళూ ముందుకి తూలరు. ఆయన భుజాలు కిందకి దిగటం నేను చూశాను. పదిరోజులుగా అవి చెవుల దగ్గరే ఉన్నాయి.

అత్తయ్య మిషను ఆపేసి ఆయన కుర్చీ వెనక నిలబడింది. "ఆస్పత్రి స్టాపు, దిగేవాళ్ళు ముందుకి రండి" అని అరిచింది. మా ఆయన దిగాడు, మళ్ళీ ఎక్కాడు. "చిల్లర లేదా, అయితే దిగు" అంది వాళ్ళమ్మ. నలభై నిమిషాలు నడిపారు ఆ బండిని. ఇంట్లో అంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆ నవ్వుకి మా దిష్టే తగిలినట్టుంది. మర్నాడు నేను షాపు నుంచి వచ్చేసరికి మావయ్య స్టీరింగు మీద చేతులు పెట్టి ఊరికే కూర్చుని ఉన్నారు. రెండు స్తంభాలు, ఒక చెత్తబుట్ట. ఆ మర్నాడూ అంతే. అంకె చూస్తే పంతొమ్మిది.

"మొన్నటిది అదృష్టం" అన్నారు. "బండి మార్చినా అదే కథ. ఇప్పుడు ఎవర్ని అంటాం?"

నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. వేడెక్కిందేమోనని కింద చెక్క పెట్టి ఎత్తాను. ఫ్యాన్లు తుడిచాను. ఆట తీసి మళ్ళీ ఎక్కించాను. కూర్చోగానే అలవాటు కొద్దీ ఛార్జరు స్విచ్చు వేసేదాన్ని, నేను చూసినంతసేపూ డెబ్బై. ఆయన కూర్చున్న పావుగంటకి పంతొమ్మిది. నేను నడిపితే బాగుంటుంది, ఆయన నడిపితే పాడవుతుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాక్కూడా ఆయన చేతుల మీదే అనుమానం వచ్చింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడో రోజు సెలవు పెట్టి ఆయన వెనకే స్టూలు వేసుకుని కూర్చున్నాను. బండి హాయిగా పోతోంది. స్క్రీను మీద బ్యాటరీ నిండిందని గుర్తు వచ్చింది. మావయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఎడమ చేయి చాచి గోడకున్న స్విచ్చు టక్కున ఆపేశారు. అంకె డెబ్బై నుంచి పంతొమ్మిదికి పడిపోయింది.

"మావయ్యా, ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

"స్విచ్చు."

ఆయనకి తను చేసిన సంగతే తెలియదు. చేతి వంక చూసుకున్నారు. "ట్యాంకు నిండింది కదమ్మా. నిండాక పైపు తీసెయ్యమా? కరెంటు దండగ కదా."

గోడ మీద వరసగా ఆరు గడియారాలు ఉంటాయి మా ఇంట్లో. అన్నీ డీజిలు పొదుపు చేసినందుకు డిపో ఇచ్చినవే. సిగ్నలు దగ్గర నిమిషం దాటితే ఇంజను ఆపేసే మనిషి, గదిలోంచి అడుగు బయట పెడితే మనం లోపల ఉన్నా లైటు తీసేసే మనిషి. ఏ కార్డూ ఆ చేతి ముందు బతకలేదు.

"ఛార్జరు లేకపోతే విడి కార్డుకి కావలసినంత కరెంటు అందదు మావయ్యా. బ్యాటరీ ఒక్కటే దాన్ని మోయలేక నెమ్మది చేసేస్తుంది."

"అంటే కండక్టర్ని మధ్య దారిలో నేనే దింపేసి పోతున్నానా?" అన్నారు. అని, ఇంక ఆపుకోలేక నవ్వటం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. నా నీళ్ళు నవ్వువి మాత్రమే కావు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను, చీకట్లో అన్నం తింటున్నాం మహాప్రభో అని" అంది అత్తయ్య. ఆ సాయంత్రమే స్విచ్చు మీద గట్టి గుడ్డ అడ్డంపెట్టి, నాలుగు వైపులా టేపు అంటించింది.

పరీక్ష రోజున నన్ను కూడా రమ్మన్నారు. "బండితో మెకానిక్ ఉండటం మంచిది" అన్నారు అంతే.

డిపోలో పాత రికార్డుల గదిని ఖాళీ చేసి పరీక్ష పెట్టారు. ఎండ మాడిపోతోంది. గదికి అద్దం తలుపు. బయట బెంచీ మీద మావయ్యతో కలిపి నలుగురు పెద్దమనుషులు పెళ్ళిచూపులకి వచ్చినట్టు తలలు దువ్వుకుని కూర్చున్నారు. మావయ్యది నాలుగో పేరు. మొదటాయన లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో బయటికి వచ్చాడు. రెండో ఆయన ఎనిమిది. మూడో ఆయన్ని డిపో అంతా హారన్ అంటుంది, రోడ్డు మీద కాకి కనపడినా హారన్ కొట్టేవాడట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నోటితో హారన్ కొట్టి వచ్చే మనిషి. ఆ హారన్ బాబాయి బయటికి వచ్చి, గోడ వైపు తిరిగి ఇంటికి ఫోను చేశాడు.

"అయిపోయిందే. ఏం లేదు. చేతులు పోయినట్టున్నాయి."

మావయ్య ఆ మాట విన్నారు. అప్పుడే లోపల్నుంచి ఆయన పేరు పిలిచారు.

నేను అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. లోపల పెద్ద తెర, స్టీరింగు, పక్క బల్ల మీద విడి కార్డున్న మంచి లాప్‌టాప్. ఆఫీసరమ్మ కాగితాలు ముందేసుకుని కూర్చుంది, ఆవిడ వెనక స్టాండు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మావయ్య కుర్చీలో కూర్చోలేదు. షెడ్డులోంచి బండి తీసే ముందు డ్రైవరు దాని చుట్టూ ఒకసారి తిరగాలని రూలు. ఆయన ఆ బల్ల చుట్టూ తిరిగారు. మోకాళ్ళ మీద వంగి కిందకి చూశారు. లేచి ఫ్యాను వంక చూశారు. అప్పుడు నాక్కూడా కనపడింది. గోడ బోర్డుకి రెండే సాకెట్లు. ఒకటి తెరకి, ఒకటి ఫ్యానుకి. లాప్‌టాప్ ఛార్జరు పిన్ను కింద నేల మీద పడి ఉంది.

అంటే ముందు వెళ్ళిన ముగ్గురూ ఫ్యాను గాలికి బలైపోయారు.

నా మనసు మంచిది కాదండీ. పెట్టేయండి మావయ్యా, పిన్ను పెట్టేసి గప్‌చుప్‌గా కూర్చోండి, ఉన్నవి రెండే ఉద్యోగాలు, ముగ్గురు ఎటూ పోయారు, అనుకున్నాను. పెదవులు కదిలాయేమో కూడా. ఆయన నా వైపు చూశారు, చూసి ఆఫీసరమ్మ వైపు తిరిగారు. తలుపు సందులోంచి మాటలు వినపడుతున్నాయి.

"మేడమ్, ఈ బండికి కండక్టరు ఎక్కలేదు."

"ఏమన్నారు?"

ఆయన వివరంగా చెప్పారు. లోపలి చిప్పు, విడి కార్డు, బ్యాటరీ మీద కార్డు ఎందుకు నీరసపడుతుందో, తొక్కిన బ్రేకు తెర మీద ఎంత ఆలస్యంగా కనపడుతుందో. మూల మీద అంకె తెప్పించి చూపించారు. ఇరవై. వంగి, ఫ్యాను పిన్ను తీసి ఛార్జరు పెట్టారు. ఎనభై. ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచింది.

"సరే, మంచిదే. కూర్చోండి, మొదలుపెడదాం."

"నేను ఆఖర్న చేస్తాను మేడమ్. ముందు ఆ ముగ్గురినీ మళ్ళీ పిలవండి. బండిలో లోపం ఉన్నప్పుడు అయిన యాక్సిడెంటు డ్రైవరు పేరు మీద రాయకూడదు. మన డిపో పద్ధతే కదా."

ఆవిడ నుదుటి చెమట తుడుచుకుంది. తన కాగితాల మీద ఆ ముగ్గురి మార్కులూ కొట్టేసింది.

మావయ్య బయటికి వచ్చారు. హారన్ బాబాయి ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు, ఫోను చేతిలోనే ఉంది.

"నీ చేతులకేం కాలేదురా. లోపల బండికి జబ్బు. బాగు చేశాం, వెళ్ళు."

"నిజం చెప్పు. నామీద జాలిపడి కాదుగా?"

"నాకూ ఇరవై రోజుల కిందట ఇదే జబ్బని చెప్పుకుని ఏడ్చాను. వెళ్ళి చూడు, నీకే తెలుస్తుంది."

హారన్ బాబాయి వెళ్ళాడు. ఇరవై నిమిషాలు రద్దీలో బండి నడిపాడు, ప్రతి మలుపులోనూ హారన్ కొడుతూ. మిగతా ఇద్దరూ నడిపారు. ఆఖర్న మావయ్య కూర్చున్నారు. గది ఉడికిపోతోంది, ఆఫీసరమ్మ ఫైలుతో విసురుకుంటోంది. ఆయన మాత్రం డిపో నుంచి రోజూ పోయే రూట్లో పోతున్నట్టు, చౌరస్తాలు దాటి, గుంపుల మధ్యనుంచి దారి చేసుకుని, ఒక్క మనిషినీ ఒక్క స్తంభాన్నీ తాకకుండా తీసుకెళ్ళి ఆఖరి స్టాపులో ఆపారు.

మార్కులు అక్కడే చెప్పారు. హారన్ బాబాయి మొదటివాడు. మావయ్య ఒక్క మార్కు తేడాలో రెండో స్థానం. మిగతా ఇద్దరూ కూడా ఏమీ గుద్దలేదు, కాకపోతే నెమ్మదిగా నడిపారట. వాళ్ళకి ఉద్యోగం రాలేదు. అయినా వచ్చి మావయ్య భుజం తట్టి, వచ్చినప్పటికంటే నిటారుగా నడుచుకుంటూ పోయారు.

హారన్ బాబాయి ఇంటికి మళ్ళీ ఫోను కలిపాడు. ఫోను మావయ్య చేతిలో పెట్టి, నువ్వే చెప్పు అన్నట్టు చేయి ఊపాడు.

"నేనమ్మా, నాలుగో నంబరు బస్సు అన్నయ్యని" అన్నారు మావయ్య. "ఏం కాలేదమ్మా, బాగానే నడిపాడు. మొదటివాడు. ఆ చేతులకేం, ఇంకా పదేళ్ళు నడుపుతాయి."

అవతలి నుంచి ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది. మావయ్య ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెప్పారు.

"అవునమ్మా. నావి కూడా."